వెయ్యి మందిలో ఒక్కరే లోపలికొస్తారు, మిగతా 999 మంది సంగతేంటి?

1961లో కెర్ వైట్ అనే డాక్టర్ ఇంకో ఇద్దరితో కలిసి న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లో ఒక పేపర్ రాశాడు. అందులో ఉన్నది చాలా సింపుల్ లెక్క. ఒక నెలలో వెయ్యి మంది పెద్దవాళ్ళని తీసుకుంటే వాళ్ళలో 750 మందికి ఏదో ఒక నలత ఉంటుంది, 250 మంది డాక్టర్ దగ్గరికి వెళ్తారు, 9 మంది హాస్పిటల్లో అడ్మిట్ అవుతారు, యూనివర్సిటీ మెడికల్ సెంటర్ దాకా వచ్చేది ఒక్కరంటే ఒక్కరు. 2001లో ఇంకో టీమ్ పిల్లల్ని కూడా కలుపుకుని మళ్ళీ ఇదే లెక్క వేసింది. నలభై ఏళ్ళలో వైద్యం అంత మారిపోయింది కదా, యూనివర్సిటీ మెడికల్ సెంటర్ దాకా వచ్చేవాళ్ళు మాత్రం ఈసారి వెయ్యికి ఒక్కరు కూడా లేరు.

నేను పనిచేసేది ఆ ఒక్కరి కోసం కట్టిన చోటే. టీచింగ్ హాస్పిటల్, అంటే వైద్యం, చదువు, రీసెర్చ్ మూడూ ఒకే కాంపౌండ్ లో జరిగే చోటు. అందులో మాది కమ్యూనిటీ మెడిసిన్, అంటే ఒక్కో పేషెంట్ ని కాకుండా మొత్తం జనం ఆరోగ్యాన్ని చూసే విభాగం. ఏ డిపార్ట్‌మెంట్ అని ఎవరైనా అడిగితే చెప్తాను, వెంటనే "ఓహో, అయితే పేషెంట్లని చూడరా?" అంటారు. చూస్తామండీ, కాకపోతే మా పేషెంట్లు ఇంకా పేషెంట్లు అవ్వలేదు అందామనిపిస్తుంది గానీ అది మరీ డైలాగ్ కొట్టినట్టు ఉంటుందని నవ్వేసి ఊరుకుంటా.

సరే, అసలు విషయానికొస్తా. ఇంత పెద్ద హాస్పిటల్, ఇంతమంది ప్రొఫెసర్లు, ఇన్ని మిషన్లు, ఇంత డేటా, ఇవన్నీ ఆ ఒక్కరి కోసమేనా, బయట ఉన్న 999 మందికి జబ్బు రాకుండా ఈ బిల్డింగ్ చెయ్యగలిగింది ఏమైనా ఉందా అనేది ఎప్పట్నుంచో నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న. ఉంది అనే అనుకుంటున్నా, కానీ అది మా మేనేజ్‌మెంట్లు అనుకునేది కాదు.

వాళ్ళకి ప్రివెన్షన్ అనగానే గుర్తొచ్చేది హెల్త్ క్యాంప్. టెంటు, బ్యానరు, బీపీ మిషన్, షుగర్ స్ట్రిప్పులు, ఫోటోలు, సాయంత్రానికి ఇన్ని వందల మందిని స్క్రీన్ చేశాం అని ఒక రిపోర్టు. బీపీ 170 వచ్చినాయన చేతిలో ఒక చీటీ పెట్టి ఓపీకి రండి అంటారు, ఆయన వచ్చాడా లేదా అని ఎవరూ చూడరు, చూద్దామన్నా ఆ లిస్టు ఎవరి దగ్గరుందో తెలీదు, దొరికినా ఫోన్ నంబర్లో ఒక అంకె తక్కువుంటుంది. పైగా ఒక్కసారి చూసిన బీపీని బట్టి బీపీ ఉందని తేల్చకూడదు, అది సెకండ్ ఇయర్ స్టూడెంట్ కి కూడా తెలుసు, అయినా క్యాంపులో చేసేది అదే.

క్యాంపులంటే నాకేదో పడదని కాదు, ఈ "అందరినీ పిలిచి అన్నీ చూసేద్దాం" అనే ఐడియాని సీరియస్ గా పరీక్షించారు కాబట్టి చెప్తున్నా. డెన్మార్క్ లో ఇంటర్99 అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది, కోపెన్‌హాగన్ శివార్లలో 30 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న 59,616 మంది మీద. అందులో 11 వేల పైచిలుకు మందిని చెకప్ కి పిలిచారు, రిస్క్ ఉన్నవాళ్ళకి ఐదేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ కౌన్సెలింగ్ ఇచ్చారు, అంటే మన క్యాంపుల్లా ఒక పూట తంతు కాదు, చాలా పద్ధతిగా చేశారు. పదేళ్ళు గడిచాక చూస్తే పిలిచిన గుంపుకీ పిలవని గుంపుకీ గుండెజబ్బుల్లో గానీ స్ట్రోకుల్లో గానీ మరణాల్లో గానీ తేడా లేదు. ఆ రిజల్ట్ 2014లో బీఎంజే అనే బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది.

దక్షిణ కొరియాది ఇంకా ఘోరం. అక్కడ 1999లో ప్రభుత్వం కొన్ని క్యాన్సర్లకి స్క్రీనింగ్ మొదలుపెట్టింది, థైరాయిడ్ ఆ లిస్టులో లేదు, కానీ ఎలాగూ వచ్చారు కదా ఇది కూడా చూపించుకోండి అని కొంచెం డబ్బు ఎక్కువ తీసుకుని హాస్పిటళ్ళు మెడకి అల్ట్రాసౌండ్ చెయ్యడం మొదలుపెట్టాయి. 2011కి వచ్చేసరికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ రేటు 1993లో కంటే 15 రెట్లు అయింది, ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా క్యాన్సర్ అని చెప్పారు, ఆ క్యాన్సర్ తో చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు, తగ్గలేదు. అంటే ఏంటి, బతికినంత కాలం ఏ ఇబ్బందీ పెట్టని చిన్న చిన్న గడ్డల్ని వెతికి పట్టుకుని గ్రంథి తీసేసి, జీవితాంతం టాబ్లెట్ వేసుకోమని పంపించారు, వాళ్ళలో కొంతమందికి ఆపరేషన్ వల్ల గొంతు కూడా దెబ్బతింది. ఇదంతా ప్రివెన్షన్ పేరు మీదే జరిగింది, జరిగింది కూడా మంచి మంచి హాస్పిటళ్ళలో. దీన్ని బయటపెట్టింది కూడా యూనివర్సిటీ డాక్టర్లే, ఆ పేపర్లు వచ్చాక ఆపరేషన్లు గబగబా తగ్గాయి.

అలాగని స్క్రీనింగ్ మొత్తం వేస్ట్ అనట్లేదు, దయచేసి ఎవరూ ఈ ముక్క చదివి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టెస్టు మానుకోకండి, దాని కథ వేరు, కింద చెప్తా. ఏది పనికొస్తుంది, ఏది డబ్బు దండగ, ఏది హాని చేస్తుంది అని పద్ధతిగా తేల్చడం ఎవరో ఒకరు చెయ్యాలి కదా, ఆ ఓపిక, ఆ మనుషులు, ఆ డేటా ఉన్నది టీచింగ్ హాస్పిటళ్ళకే. నా దృష్టిలో వాళ్ళ మొదటి పని అదే, లెక్కపెట్టడం.

లెక్కపెట్టడం అనగానే బోర్ అనుకుంటారు గానీ వైద్య చరిత్రలో పెద్ద దెబ్బలు కొట్టింది అదే. 1840ల్లో వియన్నా జనరల్ హాస్పిటల్లో రెండు ప్రసూతి వార్డులుండేవి, మొదటిదాంట్లో డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు, రెండోదాంట్లో మంత్రసానులు. మొదటి వార్డులో బాలింత జ్వరంతో చనిపోయే తల్లులు రెండోదానికంటే చాలా ఎక్కువ, ఎంత ఎక్కువంటే ఆడవాళ్ళు ఆ వార్డులో వెయ్యొద్దని కాళ్ళా వేళ్ళా పడేవాళ్ళట. ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే కుర్ర డాక్టర్ రిజిస్టర్లు ముందేసుకుని రెండు వార్డుల్నీ పోల్చాడు. తేడా ఎక్కడుందంటే, స్టూడెంట్లు పొద్దున పోస్టుమార్టం గదిలో శవాల్ని కోసి నేరుగా వచ్చి కాన్పులు చేస్తున్నారు, మంత్రసానులకి ఆ పని లేదు. 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవాలని రూల్ పెడితే, ఏప్రిల్లో 18 శాతం ఉన్న మరణాలు జూన్ కల్లా 2 శాతం దగ్గరికొచ్చాయి.

ఇందులో నాకు గుచ్చుకునేది ఏంటంటే, ఆ తల్లుల్ని చంపింది టీచింగే. చదువు చెప్పే హాస్పిటల్ కాబట్టే అక్కడ శవాల్ని కొయ్యడం ఉంది, అందుకే ఆ చావులు. అది కనిపెట్టగలిగింది కూడా అక్కడ రిజిస్టర్లు సరిగ్గా రాసిపెట్టారు కాబట్టే. ఇంత చేసినా పెద్ద ప్రొఫెసర్లు ఆయన మాట వినలేదు, అది ఇంకో బాధాకరమైన కథ. ప్రివెన్షన్ గురించి ఎవరైనా మెడికల్ సెంటర్ బయటికెళ్ళి లెక్చర్లు ఇస్తుంటే ముందు లోపల చేతులు ఎంతమంది కడుక్కుంటున్నారో, స్టాఫ్ లో ఎంతమంది టీకాలు వేయించుకున్నారో చూడాలనిపిస్తుంది నాకు.

ఫ్రేమింగ్‌హామ్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం. 1945లో అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై చనిపోయిన రోజు ఆయన బీపీ 300/190. అంతకుముందు ఏళ్ళ తరబడి పెరుగుతూనే ఉంది, కానీ వయసుతో పాటు బీపీ పెరగడం మామూలే, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు అనుకునే కాలం అది. 1948లో మసాచుసెట్స్ లోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని తీసుకుని రెండేళ్ళకోసారి పరీక్షించడం మొదలుపెట్టారు. వాళ్ళకి వైద్యం చెయ్యలేదు, ఎవరికి గుండెజబ్బు వస్తోంది, ఎవరికి రావట్లేదు అని చూశారంతే. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్, వీటికీ గుండెకీ ఉన్న లింకు గట్టిగా బయటపడింది అక్కడే, రిస్క్ ఫ్యాక్టర్ (అంటే జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచేది) అనే మాట డాక్టర్ల నోళ్ళలో నానడానికి కారణం 1961లో వాళ్ళు రాసిన పేపరే. మధ్యలో ఫండ్స్ ఆపేస్తాం అన్నారు, అప్పుడు బోస్టన్ యూనివర్సిటీ చెయ్యి కలిపింది. 1971లో వాళ్ళ పిల్లల్ని, 2002లో మనవళ్ళనీ మనవరాళ్ళనీ కూడా చేర్చుకున్నారు. ఇవాళ ఏ ఊళ్ళో డాక్టరైనా మీ బీపీ చూసి "సిగరెట్ మానండి" అంటున్నాడంటే వెనకాల ఆ ఊరివాళ్ళ ఓపిక ఉంది.

అన్ని లెక్కలకీ 50 ఏళ్ళు పట్టక్కర్లేదు. అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్ళో 2014 ఏప్రిల్లో డబ్బు ఆదా అవుతుందని తాగునీళ్ళ సోర్స్ మార్చి నది నీళ్ళు వదిలారు, పైపులు తినెయ్యకుండా కలపాల్సిన కెమికల్ కలపలేదు, పాత పైపుల్లోంచి సీసం అనే విషం నీళ్ళలోకి దిగింది. నీళ్ళు రంగు మారాయి, వాసనొస్తున్నాయి అని జనం మొత్తుకుంటే అధికారులు అంతా బాగానే ఉందని చెప్తూ వచ్చారు. అక్కడ హర్లీ మెడికల్ సెంటర్ అని టీచింగ్ హాస్పిటల్ ఉంది, అందులో పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా. ఆవిడ చేసింది ఏంటంటే, ఏడాది, రెండేళ్ళ పిల్లలకి ఎలాగూ మామూలుగా చేసే సీసం టెస్టుల రిజల్ట్స్ హాస్పిటల్ కంప్యూటర్లో ఉన్నాయి కదా, వాటిని బయటికి తీసి, నీళ్ళు మార్చకముందు ఎంత, మార్చాక ఎంత అని పోల్చింది. ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తంలో సీసం ఎక్కువున్నవాళ్ళు 2.4 శాతం నుంచి 4.9 శాతానికి పెరిగారు, అంటే రెట్టింపు.

పేపర్ పబ్లిష్ అయ్యేదాకా ఆగకుండా 2015 సెప్టెంబర్లో ప్రెస్ మీట్ పెట్టి చెప్పేసింది. రాష్ట్ర అధికారులు ముందు ఆవిడ లెక్క తప్పన్నారు, కొన్ని రోజులకే ఒప్పుకోక తప్పలేదు, అక్టోబర్లో పాత నీళ్ళు మళ్ళీ వదిలారు. ఇక్కడ కొత్త మిషన్ లేదు, కొత్త మందు లేదు. ప్రతి పెద్ద హాస్పిటల్ సర్వర్లోనూ ఇలాంటివి ఎన్ని మూలుగుతున్నాయో, అడిగేవాడు లేక. ఇంకో సంగతి, ఆవిడకి ఆ డేటా చూసే అధికారం ఉంది, లెక్క ఎలా వెయ్యాలో తెలుసు, వైట్ కోట్ వేసుకుని చెప్తే న్యూస్‌పేపర్లు రాస్తాయి. నీళ్ళ బాటిళ్ళు పట్టుకుని ఏడాదిగా తిరిగిన తల్లులు అంతకుముందే అన్నీ చెప్పారు, వాళ్ళ మాటకి ఆ బరువు లేకపోయింది. అది న్యాయం కాదు గానీ జరిగింది అదే, అలాంటప్పుడు ఆ బరువున్నవాళ్ళు నోరు తెరవాలి.

సరే, లెక్కయింది. రెండోది, పరీక్షించి చూడడం. షుగర్ ఇంకా రాలేదు గానీ బోర్డర్ లో ఉన్నవాళ్ళకి అది రాకుండా ఆపొచ్చా అని అమెరికాలో 27 సెంటర్లు, ఎక్కువ యూనివర్సిటీవే, కలిసి 3,234 మంది మీద ట్రయల్ చేశాయి, డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని. ఒక గుంపుకి మందు లేని ఉత్త మాత్ర, ఒక గుంపుకి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు, ఒక గుంపుకి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లాంటి టార్గెట్. 2002లో రిజల్ట్ వచ్చింది: మెట్‌ఫార్మిన్ తో కొత్త షుగర్ కేసులు 31 శాతం తగ్గాయి, నడక-బరువు గుంపులో 58 శాతం. 60 దాటినవాళ్ళలో ఇంకా ఎక్కువ, 71 శాతం.

అందరూ ఇక్కడే చప్పట్లు కొట్టి ఆపేస్తారు, నాకు ఇంట్రెస్టింగ్ అనిపించేది దీని తర్వాత జరిగింది. ట్రయల్లో ఒక్కొక్కరికీ ఒక కోచ్, విడివిడిగా 16 సెషన్లు, ఫోన్లు, ఫాలో అప్, అంత ఖర్చు ఎవడు పెడతాడు బయట? ఇండియానా యూనివర్సిటీ వాళ్ళు దాన్ని పట్టుకుని, ఒక్కొక్కరికి కాకుండా గుంపుగా, హాస్పిటల్లో కాకుండా వైఎంసీఏ అనే జిమ్ము లాంటి చోట, డాక్టర్లు కాకుండా అక్కడి ట్రైనర్లతోనే చేయించి చూశారు. 2008లో రిజల్ట్, బరువు సుమారు 6 శాతం తగ్గింది, ట్రయల్లో వచ్చినదానికి దగ్గర్లోనే. ఆ తర్వాత అది దేశమంతా పాకింది, 2018 నుంచి పెద్దవాళ్ళకి మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్సే దానికి డబ్బు కడుతోంది. అంటే మెడికల్ సెంటర్ చేసిన అసలు మంచి పని ఏంటంటే, తను కనిపెట్టినదాన్ని తన చేతుల్లోంచి వదిలెయ్యడం. ఇది డాక్టర్లకి చచ్చేంత కష్టం, మేం లేకపోతే క్వాలిటీ పోతుంది అంటారు, నేనూ విన్నా ఆ మాట మీటింగుల్లో వందసార్లు.

అలా వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే లాస్ ఏంజిలస్ మంగలి షాపుల ట్రయల్ చూడాలి. సీడర్స్-సైనాయ్ మెడికల్ సెంటర్లో రొనాల్డ్ విక్టర్ అనే డాక్టర్ చేయించింది, 2018లో వచ్చింది. అక్కడ నల్లజాతి మగవాళ్ళలో బీపీ ఎక్కువ, హాస్పిటల్ కి రావడం తక్కువ, నమ్మకం అంతకన్నా తక్కువ, దానికి చరిత్రలో బోలెడు కారణాలున్నాయి. కానీ జుట్టు కత్తిరించుకోడానికి మాత్రం నెలకి ఒకటి రెండుసార్లు అదే షాపుకి, అదే మనిషి దగ్గరికి, ఏళ్ళ తరబడి వెళ్తారు. 52 షాపులు, 319 మంది. పై బీపీ సగటున 150 పైనే ఉన్నవాళ్ళు. సగం షాపుల్లో బార్బర్ "బీపీ జాగ్రత్త, డాక్టర్ కి చూపించుకో" అని చెప్తాడు. మిగతా సగంలో ఫార్మసిస్టే షాపుకొచ్చి కూర్చుంటాడు. కటింగ్ కి వచ్చినాయనకి బీపీ చూసి, డాక్టర్ తో ముందే ఉన్న ఒప్పందం ప్రకారం మందు రాసి, మార్చి, రక్తంలో పొటాషియం లాంటివి ఎలా ఉన్నాయో చేతిలో పట్టే మిషన్ తో అక్కడే చూసి, డాక్టర్ కి రిపోర్ట్ పంపిస్తాడు. ఆరు నెలల తర్వాత మాటలు మాత్రమే చెప్పిన షాపుల్లో బీపీ 9 పాయింట్లు తగ్గింది, ఫార్మసిస్ట్ వెళ్ళిన షాపుల్లో 27 తగ్గింది. ఇంత తేడా ట్రయల్స్ లో చాలా అరుదుగా వస్తుంది.

ఆ 9కీ 27కీ మధ్య ఉన్న గ్యాప్ చూసుకోండి. మేం చేసే అవేర్‌నెస్ ప్రోగ్రాములన్నీ ఆ 9 దగ్గరే ఉంటాయి, పాంప్లెట్లు, ర్యాలీలు, ఫలానా దినోత్సవాలు. చెప్పడం మంచిదే, చెప్పిన చోటే మందు కూడా అందితే పని జరుగుతుంది. "ఓపీకి రండి" అనేది మనకి చిన్న మాట, అవతలి మనిషికి ఒక రోజు కూలి, ఒక క్యూ, ఇంకో క్యూ, ఒకరి విసుగు.

కింద చెప్తా అన్న క్యాన్సర్ కథ ఇది. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టారు, మురికివాడల్లో ఉన్న సుమారు లక్షన్నర మంది ఆడవాళ్ళని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి రెండేళ్ళకోసారి గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ లో ఉండే ఎసిటిక్ యాసిడ్ నీళ్ళు రాసి, ఒక నిమిషం ఆగి, మామూలు లైటు వెలుతురులో తెల్ల మచ్చ తేలిందేమో కంటితో చూస్తారు. ల్యాబు లేదు, డాక్టర్ లేదు, చూసేది ట్రైనింగ్ ఇచ్చిన హెల్త్ వర్కర్. మచ్చ కనబడితేనే హాస్పిటల్ కి పంపిస్తారు. 12 ఏళ్ళ తర్వాత ఆ క్యాన్సర్ తో చనిపోవడం స్క్రీనింగ్ గుంపులో 31 శాతం తక్కువ. ఆ రెండో గుంపులో ఆడవాళ్ళకి అన్నేళ్ళూ స్క్రీనింగ్ చెయ్యకుండా ఉత్తి అవగాహన మాటలతో సరిపెట్టడం మీద తర్వాత గట్టి విమర్శలొచ్చాయి, నా మటుకు ఆ విమర్శల్లో న్యాయం ఉంది. పరీక్షించడం అన్నప్పుడు ఎవరి మీద, ఏం చెప్పి అనేది కూడా ఎవరో అడుగుతూ ఉండాలి.

ఇక మందులతో సంబంధమే లేని ప్రివెన్షన్ ఒకటుంది, ఇది చెప్తే సర్జన్లు నవ్వుతారు. పిల్లాడికి ఆస్తమా, నెబ్యులైజర్ పెట్టి తగ్గించి పంపిస్తారు, పది రోజుల్లో మళ్ళీ వస్తాడు. ఇంట్లో గోడంతా బూజు, ఓనర్ రిపేర్ చేయించడు, డాక్టర్ లెటర్ రాసినా లెక్కచెయ్యడు. బోస్టన్ లో పిల్లల డాక్టర్ బ్యారీ జుకర్‌మన్ ఇది చూసి చూసి విసుగెత్తి 1993లో డిపార్ట్‌మెంట్లోకి ఏకంగా లాయర్నే తెచ్చుకున్నాడు. లాయర్ లెటర్ రాస్తే ఓనర్ కి రిపేర్ గుర్తొస్తుంది కదా! ఆ హాస్పిటలే తర్వాత బోస్టన్ మెడికల్ సెంటర్ లో కలిసింది, ఆ పద్ధతి అమెరికాలో ఇంకా చాలా హాస్పిటళ్ళు పట్టుకున్నాయి. సిన్సినాటి పిల్లల హాస్పిటల్లో అయితే ఇలా లాయర్లకి పంపిన ఫ్యామిలీల లిస్టు చూస్తే చాలామంది ఒకే ఓనర్ బిల్డింగుల్లో ఉన్నారని తేలింది, ఒక్కో ఇల్లు కాకుండా మొత్తం బిల్డింగుల మీద పడ్డారు. మళ్ళీ అదే, లిస్టు పెట్టుకుంటేనే కదా ఒకే ఓనర్ అని తెలిసేది.

ఇన్ని తెలిసీ ఎందుకు చెయ్యరు అంటే, ఒకటి డబ్బు. మంచాలు నిండితేనే హాస్పిటల్ కి ఆదాయం, జబ్బు రాకుండా ఆపినందుకు బిల్లు ఎవరికి వెయ్యాలి? స్టెంట్ వేస్తే పేషెంట్ పేరుంటుంది, థాంక్స్ చెప్తాడు, స్టెంట్ అవసరం రాకుండా పోయినవాడికి తను బతికిపోయిన సంగతే తెలీదు. జెఫ్రీ రోజ్ అనే లండన్ ఎపిడెమియాలజిస్ట్ (జనంలో జబ్బుల లెక్కలు తేల్చే నిపుణుడు) 1980ల్లోనే దీని గురించి రాశాడు, జనాభా మొత్తానికి పెద్ద మేలు చేసే పని ఒక్కొక్క మనిషికి చేసే మేలు మాత్రం ఎంతో చిన్నది, అందుకే అది ఎవరికీ ఆనదు అని. అమెరికాలో 2010 చట్టం ప్రకారం లాభాపేక్ష లేని హాస్పిటళ్ళు మూడేళ్ళకోసారి చుట్టుపక్కల జనం ఆరోగ్య అవసరాలేంటో సర్వే చేసి, ఏం చేస్తారో ప్లాన్ రాసి పబ్లిక్ గా పెట్టాలి. రూల్ మంచిదే, కాకపోతే ప్లాన్ రాయడం వేరు, దానికి బడ్జెట్ లో ఒక లైను కేటాయించడం వేరు.

రెండోది చదువు చెప్పే తీరు. స్టూడెంట్ చూసేదంతా వార్డులో ఆ వెయ్యిలో ఒక్కడిని, అదీ జబ్బు ముదిరాక. ఇంటికి తీసుకెళ్తే తెలుస్తుంది. మొన్నామధ్య ఒక బ్యాచ్ ని తీసుకెళ్ళినప్పుడు ఒకామె బీపీ టాబ్లెట్లని బ్లేడుతో సగం సగం చేసి డబ్బాలో పెట్టుకుని రోజు విడిచి రోజు వేసుకుంటోంది, మళ్ళీ చీటీ రాయించుకోడానికి రావడం కుదరక, ఉన్నవి ఎక్కువ రోజులు రావాలని. వార్డులో అయితే ఆమె కేస్ షీట్ మీద "మందులు సరిగా వాడదు" అని రాసేవాళ్ళం. ఒక స్టూడెంట్ ఆ డబ్బా చేతిలో పట్టుకుని చాలాసేపు లెక్కపెట్టాడు, తర్వాత బస్సులో ఒకసారికే మూడు నెలలకి సరిపడా మందులు ఎందుకివ్వరు సార్ అని అడిగాడు. దానికి నా దగ్గర ఉన్న సమాధానం ఫార్మసీ రూలు, అది చెప్పడానికి నాకే సిగ్గేసింది.

మూడోది ప్రమోషన్లు. ప్రొఫెసర్ అవ్వాలంటే ఎన్ని పేపర్లు, ఏ జర్నల్, ఎంత గ్రాంట్ అని అడుగుతారు, మూడేళ్ళ గ్రాంట్ తో మొదలైన ప్రోగ్రామ్ నాలుగో ఏడాది బతికుందా అని ఎవరూ అడగరు. అందుకే ఊళ్ళలో జనం కూడా తెలివిమీరారు, "మీరెన్నాళ్ళుంటారు?" అని ముందే అడుగుతున్నారు, సర్వే వాళ్ళని చూసి చూసి.

మా దగ్గర నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. డిశ్చార్జ్ అయ్యే ప్రతి మనిషికీ సిగరెట్ అలవాటుందా అని అడిగి, ఉంటే అక్కడే మానడానికి మందు, మాట రెండూ మొదలుపెట్టి, ఇంటికెళ్ళాక ఫోన్ చేస్తూ ఉండడం, ఒట్టావా యూనివర్సిటీ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2002 నుంచి చేస్తున్నారు ఇది. మనిషి భయపడి మంచం మీద ఉన్నప్పుడు అడిగితే వింటాడు. దీనికి కావాల్సింది ఫారంలో ఒక గడి, ఒక నర్సు టైము, ఒక ఫోన్. ఫారంలో గడి మొన్న వచ్చింది. నర్సు పోస్టు ఫైలు అకౌంట్స్ లో ఉంది, వచ్చే నెల మీటింగ్ లో మళ్ళీ అడగాలి.